మా విజార్డ్ ప్రాణం ఏ చిలకలో ఉంది? ఒక డీఎం కేస్ స్టడీ

మేం ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఒకరు డంజన్ మాస్టర్ (డీఎం)గా కథ నడిపితే, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని డైస్ వేస్తూ ఆడే ఆట. మా డీఎం నేనే. ఆ శనివారం రాత్రి ఫైటర్ (కత్తి పట్టే పాత్ర) ఆడే తమ్ముడు టేబుల్ దగ్గరే కూర్చుని ఫోన్‌లో రీల్స్ చూసుకుంటున్నాడు. దాచుకుని కూడా కాదు. టేబుల్ మీద కోట మ్యాప్ పరిచి ఉంది. లోపల బందీగా ఉన్న వర్తకుణ్ణి బయటికి తేవాలి. నేను రెండు రాత్రులు మేలుకుని కాపలావాళ్ళ షిఫ్టులు, కందకం లోతు, వంటవాళ్ళు వచ్చే దొడ్డిదారి అన్నీ రాసుకొచ్చాను. విజార్డ్ (మంత్రగాడు) ఆడే మిత్రుడు ఒక్క నిమిషం ఆలోచించి, తన స్పెల్స్, అంటే మంత్రాలు, ఒక్కొక్కటే లెక్కపెడుతూ, "మామా, ఇన్విజిబిలిటీ వేసుకుంటా. దాని మీద ఫ్లై. గోడ దాటి దిగుతా. తలుపుకి నాక్. ఎవడైనా ఎదురొస్తే సజెషన్ వేసి 'వెళ్ళి పడుకో' అంటా. వర్తకుణ్ణి దొడ్డిదారిన తీసుకొచ్చేస్తా" అన్నాడు. తీసుకొచ్చేశాడు. ఇరవై నిమిషాల్లో కథ అయిపోయింది. మిగతా నలుగురూ కోట బయట చెట్టు కింద కూర్చున్నారు.

వెళ్ళేటప్పుడు తమ్ముడు షూ లేసులు కట్టుకుంటూ, "అన్నా, వచ్చే వారం నేను రాకపోయినా ఆట ఆగదు కదా?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు. ఏం చెప్పాలో తోచక "రారా బాబూ" అన్నాను.

ఆ ప్రశ్నకి సరైన జవాబు దొరకడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ఏం చేశాను, ఏది బెడిసికొట్టింది, ఏది నిలబడింది అన్నది ఇక్కడ రాస్తున్నాను. డీఎం సీట్లో కూర్చునేవాళ్ళకి ఎవరికైనా పనికిరావచ్చు.

టేబుల్ సంగతి

మాది హైదరాబాద్‌లో, నిజాంపేట వైపు ఒక ఫ్లాట్‌లో శనివారాలు జరిగే ఆట. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, 2014 రూల్స్. విజార్డ్, ఫైటర్, క్లెరిక్ (గాయాలు మాన్పేవాళ్ళు), రోగ్ (దొంగ), వార్లాక్ (ఇంకో రకం మంత్రగాడు) అని ఐదుగురు. ఈ రకాల్నే క్లాసులు అంటారు. విజార్డ్ నా కాలేజీ దోస్తు, బ్యాకెండ్ డెవలపర్. రూల్‌బుక్‌ని డాక్యుమెంటేషన్ చదివినట్టు చదువుతాడు. ఫైటర్ అందరిలో చిన్నవాడు, బ్యాంకు ఉద్యోగం. రూల్‌బుక్ తెరిచిన పాపాన పోలేదు. వాడి వంతు వస్తే "కొడతా అన్నా" అంటాడు, అంతే.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఫైటర్ కత్తి ఎన్నిసార్లయినా తిప్పొచ్చు, దానికి లెక్క లేదు. విజార్డ్‌కి స్పెల్ స్లాట్లు ఉంటాయి. రోజుకి ఇన్ని జీబీ అని మన ఫోన్‌కి వచ్చే డేటా ప్యాక్ లాంటివి అవి. వాడేస్తే అయిపోతాయి, ఎనిమిది గంటల లాంగ్ రెస్ట్ తీసుకుంటే మళ్ళీ నిండుతాయి. స్లాట్ అక్కర్లేని చిన్న మంత్రాలు, అంటే క్యాంట్రిప్‌లు, కోటా అయిపోయాక వచ్చే 64 కేబీపీఎస్ అనుకోండి. ఇవి కాక గంటసేపు కూర్చుని ఊపిరి తీసుకునే షార్ట్ రెస్ట్ ఒకటి ఉంది. ఫైటర్ గొప్ప పనులు కొన్ని, వార్లాక్ స్లాట్లన్నీ ఆ గంటకే తిరిగొస్తాయి.

విజార్డ్ ముందు ఫైటర్ వెలవెలబోయే ఈ గొడవ కొత్తదేం కాదు, ఆట పుట్టక ముందు నుంచీ ఉంది. 1971లో వచ్చిన చెయిన్‌మెయిల్ అనే బొమ్మల యుద్ధం ఆటలో విజార్డ్ విసిరే ఫైర్‌బాల్, రాళ్ళు విసిరే పెద్ద యంత్రం ఎంత మేర దెబ్బకొడుతుందో అంత మేర కొట్టేది. అంటే విజార్డ్ పుట్టడమే ఫిరంగిగా పుట్టాడు. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చిన గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఆ ఫిరంగికి పేరూ ఊరూ ఇచ్చి కత్తి పట్టినవాడి పక్కన నడిపించారు. అయితే పాత ఆటల్లో బ్రేకులు గట్టిగా ఉండేవి. 1981 బేసిక్ సెట్‌లో రెండో లెవెల్‌కి వెళ్ళాలంటే దొంగకి 1,200 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) చాలు, ఫైటర్‌కి 2,000 కావాలి, మ్యాజిక్ యూజర్‌కి (విజార్డ్ పాత పేరు) 2,500. మొదటి లెవెల్లో అతనికి రోజుకి ఒకే ఒక్క స్పెల్. ప్రాణం నాలుగు ముఖాల డైస్ మీద ఎంత పడితే అంత. ఒకటి పడితే పిల్లి గీరినా పోతాడు. ఆ కష్టాలన్నీ దాటి బతికి బట్టకట్టినవాడికి పెద్ద మంత్రాలు దక్కేవి. 2000లో మూడో ఎడిషన్ అన్ని క్లాసులకీ ఒకే ఎక్స్‌పీ పట్టిక పెట్టింది. ఫైటర్ నిచ్చెన ఎక్కుతుంటే విజార్డ్ లిఫ్ట్ ఎక్కుతాడన్న గోల అప్పుడే ముదిరింది. 2008 నాలుగో ఎడిషన్ అందరికీ ఒకే అచ్చులో పవర్లు ఇచ్చి లెక్క సరిచేసింది గానీ, అన్ని క్లాసులూ ఒకేలా ఉన్నాయని జనం పెదవి విరిచారు. 2014 ఎడిషన్ మధ్యేమార్గం పట్టింది. దాని బ్రేకులు దానికీ ఉన్నాయి. వాటి మీద నేను కాలే పెట్టలేదని తర్వాత తెలిసింది.

మొదటి మందు, అదీ తప్పు మందు

ఐదో లెవెల్లో విజార్డ్‌కి ఫైర్‌బాల్ వచ్చింది. 8డి6, అంటే ఆరు ముఖాల డైస్ ఎనిమిది వేసి కూడాలి, సగటున 28. ఇరవై అడుగుల వ్యాసార్ధంలో ఉన్న ప్రతివాడికీ. మా వాడు డైస్ ఎనిమిదీ రెండు చేతుల్లో గలగలలాడించి వేసేవాడు, పక్క గదిలో నిద్రపోయే పాప లేచేది. నాకు ఒళ్ళు మండింది. తర్వాతి వారం "ఇకనుంచి ఫైర్‌బాల్ 6డి6" అని ప్రకటించాను.

రెండు వారాలు ముభావంగా ఆడాడు. తర్వాత, నేనే ఒక నిధిలో ఇచ్చిన పాత స్పెల్‌బుక్‌లోంచి 150 బంగారు నాణేలు ఖర్చుపెట్టి హిప్నోటిక్ పాటర్న్ కాపీ చేసుకున్నాడు. ముప్పై అడుగుల ఘనాకారంలో రంగులు మెరుస్తాయి, సేవ్ (మంత్రం నుంచి తప్పించుకోవడానికి వేసే డైస్) తప్పినవాళ్ళు నోరు తెరుచుకుని అలా నిలబడిపోతారు. డ్యామేజ్ సున్నా. ఆరుగురు ఆర్క్‌లలో (రాక్షసుల్లాంటి శత్రువులు) నలుగురు శిలల్లా నిలబడ్డారు, మిగిలిన ఇద్దరినీ అందరూ కలిసి నరికారు, తర్వాత ఒక్కొక్కణ్ణి తాపీగా. ఫైర్‌బాల్ ఉన్నప్పుడు కనీసం కాలిన ఆర్క్‌లు ఇద్దరు ఫైటర్ కత్తికి మిగిలేవారు. ఇప్పుడు ఫైటర్ పని గోడ మీద మేకులు కొట్టడమే.

నోట్‌బుక్

అప్పుడు బుద్ధొచ్చి నోట్‌బుక్ తీశాను. పాత సెషన్ల నోట్స్ తిరగేస్తే నా తప్పు నాకే కనబడింది. మా కథలో ఒక రోజుకి ఒక యుద్ధం. పొద్దున బయలుదేరడం, ఎవరినో కలవడం, సాయంత్రం ఒక పెద్ద పోరాటం, నిద్ర. శనివారం నాలుగు గంటల ఆటకి అది బాగా సరిపోతుంది. 2014 డీఎం గైడ్ మాత్రం ఒక రోజుకి ఓ మోస్తరు నుంచి గట్టి పోరాటాలు ఆరు నుంచి ఎనిమిది, మధ్యలో రెండు షార్ట్ రెస్టులు ఉంటాయన్న అంచనాతో రాశారు. స్లాట్ల సంఖ్య ఆ లెక్కకి కుట్టిన చొక్కా. నేను దాన్ని ఆరోవంతు మనిషికి తొడిగాను.

ఐదో లెవెల్లో లెక్క వేసి చూద్దాం. శత్రువు ఎసి (దెబ్బ తగలాలంటే కనీసం రావాల్సిన అంకె) 15, డెక్స్టెరిటీ (చురుకుదనం) సేవ్‌కి +2. ఫైటర్‌కీ విజార్డ్‌కీ వాళ్ళ ముఖ్యమైన ఎబిలిటీ (బలం, తెలివి లాంటి సామర్థ్యం) 18. ఫైటర్ పెద్ద కత్తి 2డి6కి నాలుగు కలిపితే సగటు 11, తగిలే అవకాశం 65 శాతం, ఒక టర్న్‌లో రెండు వేట్లు. అంటే టర్న్‌కి 14 పైచిలుకు. విజార్డ్ ఫైర్‌బాల్ ఒక్కొక్కడికి, సేవ్ తగలడం తగలకపోవడం కలిపి సగటున 22 పైచిలుకు. నలుగురు గుంపుగా దొరికితే 90.

నాలుగు రౌండ్ల యుద్ధం రోజుకి ఒకటే ఉంటే, ఫైటర్ యాక్షన్ సర్జ్ (ఇంకో టర్న్ పని అదనంగా చేసే శక్తి) వాడి ఐదు టర్న్‌ల పని చేస్తాడు: 71. విజార్డ్ రెండు ఫైర్‌బాల్స్, రెండు స్కార్చింగ్ రే (నిప్పు కిరణాల మంత్రం) వేస్తాడు: 206. దాదాపు మూడు రెట్లు తేడా. అవే నాలుగు రౌండ్ల యుద్ధాలు రోజుకి ఆరు పెట్టండి, మొత్తం 24 రౌండ్లు. ఫైటర్‌కి షార్ట్ రెస్టుల వల్ల యాక్షన్ సర్జ్ మూడుసార్లు వస్తుంది, మొత్తం 386. విజార్డ్‌కి ఉన్న రెండు మూడో లెవెల్ స్లాట్లు (స్లాట్ లెవెల్ మంత్రం బలాన్ని బట్టి, పాత్ర లెవెల్ వేరు), ఆర్కేన్ రికవరీ అనే విజార్డ్ శక్తితో షార్ట్ రెస్ట్‌లో తిరిగొచ్చినది ఒకటి, కలిపి మూడు ఫైర్‌బాల్స్. మూడు స్కార్చింగ్ రే. మొదటి లెవెల్ స్లాట్లు మేజ్ ఆర్మర్, షీల్డ్ అనే రక్షణ మంత్రాలకి పోతాయి. మిగతా 18 రౌండ్లు ఫైర్ బోల్ట్ అనే క్యాంట్రిప్. మొత్తం 438. రౌండ్‌కి చూస్తే విజార్డ్ 18, ఫైటర్ 16.

ఈ రెండు అంకెలూ చూసి కాసేపు అలాగే కూర్చున్నాను. ఆట రాసినవాళ్ళు తప్పు చేయలేదు. 8డి6 కూడా తప్పు కాదు.

జానపద కథల్లో మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది కదా. ఎదురుగా వెళ్ళి కత్తితో పొడిస్తే వాడికేమీ కాదు, నవ్వుతాడు. ఫైర్‌బాల్‌లోంచి రెండు డైస్ కోసెయ్యడం అలాంటి కత్తిపోటే. మా వాడి చిలక నిద్రలో ఉంది. ఎనిమిది గంటల నిద్ర ఎప్పుడు, ఎక్కడ, ఎంత తేలిగ్గా దొరుకుతుందన్నదే అసలు విషయం.

దొరక్కూడనంత తేలిగ్గా దొరికేది. దానికి కారణం టైనీ హట్. మూడో లెవెల్ స్పెల్, కానీ రిచువల్‌గా వేస్తే స్లాట్ ఖర్చు లేదు, పదకొండు నిమిషాలు పడుతుంది అంతే. ఎనిమిది గంటలు చెక్కుచెదరని గోపురం. బయటివాడు లోపలికి రాలేడు, లోపలి నుంచి బాణం వేస్తే మాత్రం బయటికి పోతుంది. నియమం ప్రకారం 24 గంటల్లో ఒక్క లాంగ్ రెస్టే. అయితేనేం, పొద్దున పదింటికి కొట్లాట అయిపోతే రాత్రిదాకా హట్‌లో పేకాట. గుహలో రెండో గదికి ఎప్పుడెళ్తారని అడిగితే "రేపు" అనేవాళ్ళు.

కాలు పెట్టని బ్రేకులు

కోట సెషన్ రికార్డింగ్ ఉంది (నోట్స్ రాసుకోవడానికి ఫోన్‌లో పెట్టుకుంటాను). రూల్‌బుక్ ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ విన్నాను. సిగ్గేసింది.

ఇన్విజిబిలిటీకి కాన్సన్‌ట్రేషన్ కావాలి, అంటే మంత్రం నిలవాలంటే వేసినవాడి ధ్యాస దాని మీదే ఉండాలి. ఫ్లైకీ కావాలి. ఒక మనిషి ఒకేసారి ఒక్కదాని మీదే కాన్సన్‌ట్రేట్ చెయ్యగలడు. అంటే ఫ్లై వేసిన క్షణమే మా వాడు అందరికీ కనబడాలి. సరే, అది వదిలేద్దాం. ఇన్విజిబిలిటీలో ఉన్నవాడు మరో స్పెల్ వేస్తే అది పోతుంది. అంటే నాక్ దగ్గర మళ్ళీ దొరకాలి. నాక్ వేస్తే తలుపు తెరుచుకుంటుంది, దాంతోపాటు 300 అడుగుల దాకా వినబడేలా దడేల్‌మని చప్పుడవుతుంది. కోట మొత్తం లేవాలి! సజెషన్‌కీ కాన్సన్‌ట్రేషనే. ఇరవై నిమిషాల్లో ముగిసిన ఆ దొంగతనంలో మా వాడు కనీసం మూడుసార్లు పట్టుబడాల్సింది. అతను మోసం చెయ్యలేదు. స్పెల్ ఏం ఇస్తుందో చదివాడు. ఏం పుచ్చుకుంటుందో చదవాల్సింది నేను.

ఇక్కడ కొత్త రూల్ ఏమీ పెట్టలేదు. ఇంట్లో పాత క్యారమ్స్ బోర్డు ఉంటే అందులోంచి స్ట్రైకర్ తెచ్చి విజార్డ్ ముందు పెట్టాను. కాన్సన్‌ట్రేషన్ స్పెల్ వేస్తే స్ట్రైకర్‌ని ఆ స్పెల్ కార్డు మీద పెట్టాలి. రెండో స్పెల్ వెయ్యాలంటే మొదటి కార్డు మీద నుంచి తియ్యాలి. దెబ్బ తగిలితే స్ట్రైకర్ మీద వేలు పెట్టి సేవ్ వెయ్యాలి: పది, లేదా తగిలిన డ్యామేజ్‌లో సగం, ఏది ఎక్కువైతే కనీసం అంత రావాలి. క్లెరిక్ ఆడే అక్క "నాకూ ఒకటి కావాలి" అంటే ఆవిడకి క్వీన్ ఇచ్చాం. చెప్తే నమ్మరు గానీ, నేను పెట్టిన హౌస్ రూల్స్ అన్నీ కలిపి చేసినదాంట్లో సగం పని ఈ ప్లాస్టిక్ బిళ్ళ చేసింది. ఆర్క్‌లకి కూడా తెలివొచ్చింది. రంగులు ఆడిస్తున్నది ఎవడో చూసి వాడి మీదే బాణాలు వేసేవి. అప్పుడు విజార్డ్ వెనక్కి తిరిగి ఫైటర్‌ని, "తమ్ముడూ, కాస్త నా ముందుకి రా" అన్నాడు. ఆ మాట ఆ టేబుల్ మీద అదే మొదటిసారి విన్నాను.

నిద్ర సంగతి

చిలక దగ్గరికి వెళ్ళే దారిలో ఇంకోసారి పడ్డాను. డీఎం గైడ్‌లోనే ఒక ఐచ్ఛిక నియమం ఉంది: షార్ట్ రెస్ట్ ఎనిమిది గంటలు, లాంగ్ రెస్ట్ ఏడు రోజులు. దాన్ని అలాగే దింపాను. మూడు సెషన్లు నడిచింది. గాయాలు మానడానికి వారం ఆగాలి, కథలో మాత్రం సైన్యం రెండు రోజుల్లో వస్తోంది. అక్క విసుక్కుని, "ఆట ఆడుతున్నామా, ఆసుపత్రిలో అటెండెంట్లుగా కూర్చున్నామా?" అంది. ఎనిమిది గంటలుండే మేజ్ ఆర్మర్ వారానికి ఒక స్లాట్ కాదు, రోజుకో స్లాట్ తినేస్తోంది. స్పెల్స్ పాత గడియారానికి రాసినవి, నేను గడియారం మార్చి వాటిని మార్చలేదు. ఎత్తేశాం.

చివరికి నిలబడింది ఇది. మేం దాన్ని గూడు రూల్ అంటాం. లాంగ్ రెస్ట్ దొరకాలంటే గూడు ఉండాలి: ఊరు, గుడి, స్నేహితుల కోట, అలా నమ్మకంగా కన్ను మూసే చోటు. అడవిలోనో గుహలోనో దారి పక్కనో రాత్రి పడుకుంటే అది షార్ట్ రెస్టే. టైనీ హట్ వేసుకోండి, వానా పులీ రావు, నిద్ర మాత్రం కోడి నిద్రే. షార్ట్ రెస్టులు రాత్రి నిద్రతో కలిపి రోజుకి రెండు. ఈ చివరి ముక్క వార్లాక్ వల్ల చేర్చాల్సి వచ్చింది. అది లేనప్పుడు అతను గంటకోసారి కూర్చుంటానని మొదలుపెట్టాడు.

దీనికో మినహాయింపు ఉంది, నాకు బాగా నచ్చింది అదే. ఒక ప్రయాణంలో ఒక్కసారి, పూర్తిగా ఒక రోజు వెచ్చించి దారిలోనే గూడు కట్టుకోవచ్చు. ముళ్ళకంప కొట్టాలి, మంచె వెయ్యాలి, కాపలా పంచుకోవాలి. ఆ చెక్‌లు (పని అయిందో లేదో తేల్చే డైస్) వేసేది ఫైటర్, రోగ్. విజార్డ్ స్లాట్లు తిరిగి రావాలంటే ఫైటర్ గొడ్డలి పట్టాలన్నమాట. ఇంకో వైపు టేబుల్ మీద ఎనిమిది గళ్ళ కాగితం పెట్టాను. ఒక్కో లాంగ్ రెస్ట్‌కి ఒక గడి నింపుతాను. గడి నిండినప్పుడల్లా శత్రువు ఏదో ఒకటి చేస్తాడు: వంతెన కూలుస్తాడు, బందీని తరలిస్తాడు, మనుషుల్ని పెంచుకుంటాడు. ఏం చేస్తాడో చెప్పను, గడి మాత్రం అందరి కళ్ళ ముందే నింపుతాను.

ఇవన్నీ పెట్టే ముందు విజార్డ్‌తో మాట్లాడాను. మొదటిసారి చెప్పకుండా ఫైర్‌బాల్ కోసినందుకు అతనికి ఇంకా కడుపులో మంట ఉంది. ఇరానీ హోటల్లో కూర్చున్నాం. "నీకు నా క్లాస్ నచ్చకపోతే చెప్పు మామా, మార్చుకుంటా" అన్నాడు. నోట్‌బుక్ తెరిచి 206కీ 71కీ కింద గీత గీసి చూపించాను. తర్వాత 18, 16. రెండో కప్పు చాయ్ వచ్చేలోపు మొహం మారింది. "అంటే ఎపిఐ బాగానే ఉంది, నువ్వు రేట్ లిమిట్ పెట్టడం మర్చిపోయావ్" అన్నాడు. రేట్ లిమిట్ అంటే సాఫ్ట్‌వేర్‌లో ఒక సేవని ఎన్నిసార్లు వాడుకోవచ్చో పెట్టే హద్దు. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. ఫైర్‌బాల్ 8డి6కి తిరిగొచ్చింది. బిల్లు నేనే కట్టాను.

ఫైటర్‌కి ఏం ఇచ్చాం

విజార్డ్‌ని ఎంత అదుపు చేసినా, కోట ముందు నిలబడినప్పుడు ఫైటర్ దగ్గర "కొడతా అన్నా" తప్ప మరో మాట లేకపోతే లాభం లేదు. మామూలుగా డీఎంలు ఇక్కడ ఒక మాయ కత్తి ఇచ్చి చేతులు దులుపుకుంటారు. నేనూ ఇచ్చాను. డ్యామేజ్ పెరిగింది, ఫోన్ మాత్రం చేతిలోనే ఉంది.

2024 సెప్టెంబర్‌లో కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ వచ్చింది. ఆట మొత్తం మార్చకుండా అందులోంచి రెండు ముక్కలు తెచ్చుకున్నాం. ఒకటి వెపన్ మాస్టరీ: పెద్ద సుత్తి తగిలితే సేవ్ తప్పినవాడు కింద పడతాడు, వార్‌హ్యామర్ తగిలితే పది అడుగులు వెనక్కి పోతాడు, పెద్ద కత్తి తప్పినా ఎంతో కొంత గీరుతుంది. "కొడతా" అన్నాక "దేంతో?" అని అడిగే అవకాశం వచ్చింది. రెండోది ట్యాక్టికల్ మైండ్. ఏదైనా ఎబిలిటీ చెక్ తప్పితే, ఫైటర్ తన సెకండ్ విండ్ (గాయాల నుంచి కాస్త తేరుకునే శక్తి) ఒకటి ఖర్చుపెట్టి పది ముఖాల డైస్ వేసి కలుపుకోవచ్చు. అయినా తప్పితే ఆ సెకండ్ విండ్ పోదు. తమ్ముడికి ఇది ప్రాణం. తాళం, గోడ, మాటల బేరం, ప్రతిదానికీ ఇప్పుడు చెయ్యి ఎత్తుతాడు.

మూడోది ఏ పుస్తకంలోనూ లేదు. సమస్యలు రాసే పద్ధతి మార్చాను. ఒకేసారి రెండు చోట్ల పని ఉండేలా రాస్తాను. గేటు దగ్గర కప్పీ తాడు ఒకరు పట్టుకుని నిలబడాలి, అదే సమయంలో బురుజు మీద గంట మోగకుండా ఇంకొకరు ఆపాలి. విజార్డ్ ఒక్కడే, స్ట్రైకర్ ఒక్కటే.

గని

ఇవన్నీ కలిసి పనిచేశాయని నాకు నమ్మకం కుదిరింది పాడుబడ్డ గని ప్రయాణంలో. ఏడో లెవెల్. విజార్డ్‌కి మొత్తం పదకొండు స్లాట్లు. ఊరి నుంచి గనికి రెండు రోజుల దారి, లోపల ఇంకో రోజున్నర. మధ్యలో ఐదు పోరాటాలు, ఒక కూలిన వంతెన. గూడు కట్టుకునే అవకాశం రెండో రోజే వాడేశారు. నిజానికి అప్పుడు అవసరం లేదు, భయపడ్డారు.

ఆరో పోరాటం గని అడుగున, మెట్ల దగ్గర. కింద నుంచి రెండు ఆగ్రేలు (బండ రాక్షసులు), వాటి వెనక గోబ్లిన్లు (చిన్న రాక్షసులు). పైన అక్క తలుపు తెరిచే చక్రం తిప్పుతోంది, ఐదు రౌండ్లు పడుతుంది. విజార్డ్ తన షీటు చూసుకున్నాడు, తల ఎత్తాడు. "మామా, నా దగ్గర ఫస్ట్ లెవెల్ స్లాట్ ఒక్కటే ఉంది."

తమ్ముడు మెట్ల పై అంచున వార్‌హ్యామర్ పట్టుకుని నిలబడ్డాడు. మెట్లు ఇరుకు, ఒకసారికి ఒక ఆగ్రేకే చోటు. అది ఎక్కుతుంది, వీడు కొడతాడు, పది అడుగులు వెనక్కి జారి కింద గోబ్లిన్ల మీద పడుతుంది. మళ్ళీ ఎక్కుతుంది. రెండో రౌండ్‌లో రెండు దెబ్బలూ తగిలి ఇరవై అడుగులు పోయింది. మూడో రౌండ్‌లో ఆగ్రే దుడ్డుకర్ర వీడికి తగలబోతుంటే విజార్డ్ వీడి చెయ్యి పట్టుకుని "నాకు షీల్డ్ ఉంది గానీ నీకు వెయ్యలేను రా" అన్నాడు. షీల్డ్ వేసుకున్నవాడికే పనిచేస్తుంది. తగిలింది. తమ్ముడికి తొమ్మిది హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) మిగిలాయి. విజార్డ్ ప్రతి టర్న్ ఫైర్ బోల్ట్ వేశాడు, రెండు తగిలాయి, రెండు తప్పాయి. ఐదో రౌండ్‌లో తలుపు తెరుచుకుంది. అప్పటికి తమ్ముడి ఫోన్ ఎక్కడుందో కూడా ఎవరికీ తెలీదు. తర్వాత వెతికితే సోఫా కుషన్ కింద దొరికింది.

ఆ రాత్రి నోట్‌బుక్‌లో డ్యామేజ్ లెక్క రాయలేదు. ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారో రాశాను. కోట సెషన్లో ఫైటర్ గీతలు నాలుగు, గని సెషన్లో ఒక పేజీ సగం.

ఇంకా తేలనివి

వార్లాక్ విషయంలో నేను సంతృప్తిగా లేను. రోజుకి రెండు షార్ట్ రెస్టులన్న హద్దు అతనికి కాస్త అన్యాయమే. పాపం అతను అడగడు, నేనూ ఎత్తను. అక్క ఒకటి ఎత్తి చూపింది: గూడు రూల్ వల్ల విజార్డ్ కన్నా క్లెరిక్‌కి ఎక్కువ దెబ్బ, ఎందుకంటే ఆవిడ స్లాట్లన్నీ మిగతావాళ్ళ గాయాలకే పోతాయి. నిజమే. ఊళ్ళో కొనుక్కునే హీలింగ్ పోషన్ల ధర తగ్గించాను, అది సరిపోలేదు.

అసలు టెన్షన్ ఇప్పుడు మొదలైంది. వచ్చే వారం అందరూ తొమ్మిదో లెవెల్. విజార్డ్‌కి ఐదో లెవెల్ స్లాట్ ఒకటి వస్తుంది. ఏ స్పెల్ తీసుకుంటున్నావని అడిగితే నవ్వి, "టెలిపోర్టేషన్ సర్కిల్" అన్నాడు. యాభై బంగారు నాణేల విలువైన రత్నాల సుద్దతో నేల మీద వలయం గీస్తే, తనకి గుర్తులు తెలిసిన శాశ్వత వలయం దగ్గరికి ద్వారం తెరుచుకుంటుంది. నా గూడు రూల్‌కి సూటిగా పెట్టిన గురి అది. ఊరికెళ్ళి హాయిగా పడుకోవచ్చు. తిరిగి గని అడుగుకి రావడానికి అక్కడ శాశ్వత వలయం ఉండదు కాబట్టి మళ్ళీ నడిచి రావాలి, ఈలోపు గళ్ళు నిండుతాయి. అంతవరకు నాకు ధైర్యం ఉంది.

ఈ స్పెల్ నేర్చుకున్నవాడికి మొదట రెండు వలయాల గుర్తులు తెలుస్తాయి, అవి ఏవో డీఎం చెప్పాలి. ఒకటి రాజధానిలో, పన్ను అధికారి ఆఫీసు నేలమాళిగలో పెట్టాను. దిగినవాళ్ళందరూ సరుకు చూపించి సుంకం కట్టాలి. రెండోది ఎక్కడ పెట్టాలో ఇంకా రాయలేదు. తమ్ముడు నిన్న మెసేజ్ పెట్టాడు: "అన్నా, రెండోది నా ఊళ్ళో పెట్టవా? మా వాడికి అక్కడ మనుషులున్నారు." వాడి ఫైటర్‌కి ఒక ఊరుందని, అక్కడ మనుషులున్నారని వాడు చెప్పడం ఇదే మొదలు. శనివారం లోపు ఆ ఊరి మ్యాప్ గియ్యాలి.